మానుకోటలో మా ఏడుపుల సంఘం

మా సంఘాన్ని ఇప్పుడు ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. "ఆ రోజుల్లోనే, మానుకోట లాంటి చోట, ఆడపిల్లల కోసం ఎంత ముందుచూపుతో..." అని మొదలుపెడతారు. ముందుచూపూ లేదు, నా మొహమూ లేదు. మా బాపు నన్ను కాలేజీ మాన్పించి తండాకు లాక్కుపోకుండా ఉండాలంటే నాకు పదిమంది ఆడపిల్లలు కావలసి వచ్చారు. అందుకని సంఘం పెట్టాను. అది తర్వాత జనగామలో ఒక పిలక, భూపాలపల్లిలో ఒక పిలక వేసిందంటే అందులో నా గొప్ప ఏమీ లేదు. ఏడవడానికి ఒక చోటు చూపిస్తే ఆడపిల్లలు ఎంత దూరం నుంచైనా వస్తారని నాకప్పుడు తెలియదు.

మాది నర్సింహులపేట వైపు ఒక లంబాడీ తండా. నా చదువుకు మొదటినుంచీ ఏదో ఒక గండం ఉంటూనే ఉంది. అరవైతొమ్మిదిలో తెలంగాణ గొడవ వచ్చి బళ్ళు మూతపడితే నేను ఎగిరి గంతేశాను. "జై తెలంగాణ" అని తండా అంతా తిరిగి అరిచాను కూడా. బాపు ఊరికే చూశాడు. మర్నాడు నా చేతికి ఒక కర్ర ఇచ్చి మేకల్ని అప్పజెప్పాడు. గొడవ చల్లారింది, బళ్ళు తెరిచారు, మేకలు మాత్రం నన్ను వదల్లేదు. వాటిని ఇంకెవరికో అంటగట్టి మళ్ళీ బడి గడప ఎక్కేసరికి ఏడాది పైన పట్టింది. అప్పటినుంచి ఎవరైనా బంద్ అంటే చాలు, నా ముక్కుకు మేకల వాసన తగులుతుంది.

తర్వాత కురవిలో హాస్టల్లో ఉండి పదో తరగతి గట్టెక్కాను. ఇక కాలేజీ అంటే మహబూబాబాద్ పోవాలి. మేమంతా దాన్ని మానుకోట అంటాం. బాపు ససేమిరా అన్నాడు. ఆయన మాట్లాడేది మా బాసలోనే గానీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఒక్క ఎద్దు పోతె పులి తింటది. రెండు పోతె రెండు తింటది. పది ఎడ్లు కలిసి పోతె పులే దారి ఇడుస్తది. మా తాత ఎడ్ల మీద ఉప్పు బస్తాలేస్కోని సముద్రం దాంక పోయిండు. పదికి తక్కువ ఎడ్లతోని ఎన్నడు కదల్లె."

"మానుకోటల పులి యాడిది బాపూ?"

"పులికి నాలుగు కాళ్ళే ఉండాల్నా?" అన్నాడు. నేను అన్నం మానేసి మూలన కూర్చున్నాను. రెండో పూటకు బాపు మెత్తబడ్డాడు, కానీ బాపు మెత్తబడటంలో కూడా ఒక మెలిక ఉంటుంది.

"సరే, పో. నీతోని కల్పి పదిమంది ఆడివిల్లలు ఒక్క మందయి ఉండాలె. కేసముద్రం మార్కెట్ల కందులు అమ్మిన దినం అటే రైలెక్కి వస్త. లెక్కవెడ్త. ఒక్కతి తక్కువున్నా నీ పెట్టె నా నెత్తిమీదికి ఎక్కుతది. తండాల మేకలున్నయి."

స్టేషన్ వెనక ఒక పెంకుటింట్లో రెండు గదులు అద్దెకు దొరికాయి. ఇంటామె ఒక ముసలమ్మ, జనగామ వైపు మనిషి. మొగుడు పోయినా ఆయన తోలు చెప్పులు పారేయకుండా తనే వేసుకు తిరిగేది. చిన్న పాదాలకు అంతంత చెప్పులు, ఆమె వస్తుంటే వీధి చివరినుంచే టపటపమని వినిపించేది. అందరం ఆమెను అవ్వా అనేవాళ్ళం. ఆమె నోటికి వీధి వీధంతా జడుసుకునేది.

మొదట ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. వారం తిరక్కుండా కేసముద్రం వైపు తండా నుంచి మా చిన్నమ్మ కూతురు కూడా కాలేజీలో చేరడానికి పెట్టె పట్టుకుని దిగింది. ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు చాలా రోజులకు కలిస్తే నవ్వుతూ పలకరించుకోరు. ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసి, తల మీద ఓణీ కప్పుకుని, రాగం తీసి ఏడుస్తారు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ ఆవు ఈనింది, అత్త ఏమంది, అన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. అది అయిపోగానే కళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టు "తిన్నవా?" అని అడుగుతారు.

మేమిద్దరం హాస్టళ్ళలో పెరిగినవాళ్ళం. నాకు అలాంటి పాట ఒక్కటే వచ్చు. తండా ముసలమ్మలు మా పెద్దక్కకు నేర్పుతుంటే పక్కన కూర్చుని పట్టేశాను. అక్క కంటే నేనే బాగా తీస్తున్నానని ముసలమ్మలు మెచ్చుకున్నారు కూడా. "నేను పోతున్నా, నా బాపు ఎడ్లు చల్లగుండాలె, మన తండా పచ్చగుండాలె, నేను పోతున్నా" అని మా బాసలో దాని పల్లవి. మిగతాదంతా ఎవరి గోడు వాళ్ళు తమ మాటల్లో కలుపుకోవచ్చు. ఇల్లు విడిచి వచ్చినవాళ్ళం గనక మాకు అది అచ్చంగా సరిపోయింది. చెల్లెను పట్టుకుని గొంతెత్తాను. అదీ వంత పాడింది.

అవ్వ చెంబెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. "ఎవరు వోయిన్రే? మీ అయ్యనా? అవ్వనా?"

"ఎవరు పోలే అవ్వా, మా చెల్లె వచ్చింది."

"వచ్చినందుకు ఏడుస్తున్రా? మరి పోతె ఏం జేస్తరే, డప్పులు గొడ్తరా?"

అప్పటికే వీధిలోంచి ముగ్గురు ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని పరామర్శకు వచ్చేశారు. ఎవరూ చావలేదని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకుని, అవ్వ తెచ్చిన నీళ్ళు వాళ్ళే తాగి పోయారు.

కిటికీ దగ్గర ఇంకొక మొహం కూడా ఉంది. పక్కనే రైల్వే క్వార్టర్సులో ఉండే గుమాస్తాగారి అమ్మాయి. కోస్తా వాళ్ళు. నా తరగతే గానీ చేరిన నాలుగు రోజులకే నాకూ ఆమెకూ చెడింది. నేను "వచ్చిన, పోయిన" అంటే కిసుక్కున నవ్వి, పక్కదానితో అదే మాట అని చూపించేది. ఒకసారి నాకు తిక్క రేగి ఆమె జడ పట్టుకుని గుంజాను. అలాంటిది ఆ రోజు కిటికీ చువ్వలు పట్టుకుని, "ఏవండీ, అది మళ్ళీ ఒక్కసారి ఏడుస్తారా?" అని అడిగింది.

"ఎందుకు? తమాషా లెక్క కొడ్తున్నదా?"

"కాదండీ. నాకు మా ఊరు గుర్తొస్తోంది. మా ఇంట్లో ఏడిస్తే నాన్నగారు ఊరుకోరు."

ఏం చేస్తాను, లోపలికి రమ్మన్నాను. మూడు రోజుల్లో ఆ పిల్ల మమ్మల్ని మించిపోయింది. ఎడ్లు లేవు గనక "నా తండ్రి రైళ్ళు చల్లగుండాలి" అని మార్చుకుంది. మామ్మగారి ఆవకాయ జాడీ, పెరట్లో సన్నజాజి పందిరి, ఇక్కడి ఇంజను పొగ, ఒక్కొక్కటే ఎత్తి ఏడ్చి, చివర్లో "మిమ్మల్ని వెక్కిరించిన నా పాడునోరు" అని నా మెడ మీద పడింది. నా కోపం అక్కడికక్కడే నీరుగారిపోయింది. దొంగ ఏడుపని అనుకుందామన్నా కుదరలేదు, ముక్కు నిజంగానే కారుతోంది. తర్వాత వాళ్ళ నాన్నగారికి బదిలీ అయి జనగామ పోయి, అక్కడ మా శాఖ పెట్టిన మహాతల్లి ఈమే. అక్కడ అందరి చేతా గ్రాంథికంలో ఏడిపించేదట. పక్కింటివాళ్ళు రేడియో నాటకమనుకుని, రెండో భాగం ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళట.

ఆ రోజే నా బుర్ర చురుగ్గా పనిచేసింది. ఏడుపు కోసం వచ్చేవాళ్ళను బాపు లెక్కలోకి మళ్ళించుకోవచ్చు కదా! అయితే ఉత్తుత్తి లెక్క బాపు దగ్గర చెల్లదు. ఎడ్లమందను ఒకసారి చూసి ఏది పాతది, ఏది నిన్న తోలుకొచ్చింది చెప్పేసే మనిషి. కాబట్టి మంద నిజంగా మందే కావాలి. చేరిన ప్రతి పిల్లనూ నా ఓణీ కప్పి అందరం మెడ పట్టుకుని ఏడవాలి, అది అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, ఆ తర్వాత కులమేదైనా ఊరేదైనా అక్కా చెల్లే అనే పిలవాలి, కాలేజీకి ఒక వరసగా నడవాలి. మేము బజారులో వరసకట్టి వస్తుంటే ఎదురొచ్చే సైకిళ్ళు దిగి పక్కకు జరిగేవి. ఆ దర్జాకే ఇద్దరు చేరారు.

పేరు పెట్టబోతే తలనొప్పి వచ్చింది. "అక్కచెల్లెళ్ళ సంఘం" అని అట్ట మీద రాసి గోడకు తగిలించాను. అవ్వకు చదువు రాదు. చదివి వినిపించమంది. వినిపిస్తే మొహం పాలిపోయింది.

"సంగమా? నా ఇంట్ల సంగమా? నాకు దెల్వదనుకున్నవా? నా పెండ్లయిన పదేండ్లకు జనగామ దిక్కు సంగం లేశింది. ఒక దిక్కు సంగపోల్లు, ఒక దిక్కు పోలీసోల్లు, నడుమల మా ఇల్లు. ఎవరొచ్చినా అడిగింది అన్నమే. వండి వండి నా చేతులు వడిపోయినయి. తియ్యి, తియ్యి ఆ అట్ట!"

"గది వేరే సంగం అవ్వా. మేం ఉత్తగ ఏడుస్తం, గంతే."

"ఏడ్సుడయితె ఏడ్సుండ్రి. పేరు మార్సుండ్రి. భజన అనుండ్రి, పోలీసోల్లు గూడ చెప్పులిడిశి లోపలికస్తరు."

అలా మేము భజన మండలి అయ్యాం. "మీ భజనల ఏ దేవుని పేరు ఇనవడ్తలేదేంది?" అని వీధివాళ్ళు అడిగితే, "కొత్త దేవుడు, ఇంక పేరు వెట్టలే" అని అవ్వే దబాయించేది. ఈ పేరు కాలేజీకి పాకింది. ఏదో సభకు మండలి చేత ఒక కీర్తన పాడించమని ప్రిన్సిపాల్ గారు కబురు చేశారు. మాకు వచ్చింది ఒక్కటే. వేదిక ఎక్కి అదే ఎత్తుకున్నాం, మా బాసలో, కళ్ళు మూసుకుని. సభ అంతా గప్‌చుప్. వచ్చిన పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంత భక్తి నేనెక్కడా చూడలేదన్నారు. ప్రిన్సిపాల్ గారు పొంగిపోయారు. మేము వేదిక దిగి బావి దగ్గరికి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.

ఆ సభ తర్వాత సంఖ్య పెరిగింది. కురవి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల బస్సు మీద ఏడ్చేది. లెక్కల్లో తప్పిన ఇద్దరు లెక్కల సారును పేరు పెట్టి ఏడ్చేవాళ్ళు. ఒక పిల్లకు ఎంత వెతికినా ఏడవడానికి కారణం దొరకలేదు, తనకు ఏ కష్టమూ లేదే అని ఏడ్చింది. అదే అందరికంటే బాగా కుదిరింది. అన్నిటికీ వంత పాడీ పాడీ మా చెల్లె గొంతు ఎంత రాటుదేలిందంటే, తర్వాత టీచరై భూపాలపల్లి పోయి, ఎనభైల్లో అక్కడ బొగ్గు గనులు వచ్చిన కొత్తలో తనూ ఒక శాఖ పెట్టింది. మొదటి రోజే షిఫ్టు సైరనూ వీళ్ళ ఏడుపూ ఒకేసారి లేచాయి. గనిలో ఏదో అయిందని కాలనీ కాలనీ ఉరికొచ్చింది. అప్పటినుంచి అక్కడ ఆదివారాలు తప్ప ఏడవకూడదని కట్టడి చేసుకున్నారు.

ఇంతకీ నా గొడవ. చలికాలం వచ్చేసరికి మేము తొమ్మిదిమందిమి అయ్యాం. తండాలో కందులు కొట్టడం అయిపోయిందని కబురు వచ్చింది. కాలేజీ మొత్తం మీద ఆడపిల్లలు పదిమందే. మిగిలిన ఆ ఒక్కతిని ఎలాగైనా పట్టుకోవాలి. ఆమె ఎవరనుకున్నారు? మా నర్సింహులపేట వైపు దొరల బిడ్డ.

మానుకోటలో వాళ్ళకొక మేడ ఉంది. రిక్షాలో వచ్చేది, రిక్షాలో పోయేది, ఎవరితో కలిసేది కాదు. మా బాపు కౌలుకు చేసేది వాళ్ళ భూమే. వాళ్ళ నాన్న ఎదుట పడితే బాపు నెత్తిమీది రుమాలు చేతిలోకి వచ్చేస్తుంది. అలాంటి ఇంటి పిల్లతో నేను ఒకే గదిలో బెంచీ మీద కూర్చుంటున్నానని ఇంట్లో చెబితే మా యాడి, అంటే అమ్మ, ఎవరైనా విన్నారేమోనని నా నోరు మూసింది. అయినా తెగించి ఒకరోజు అడిగాను.

"అక్కా, మా భజనల నువ్వు గూడ చేరరాదు?"

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నాకేం తక్వయిందే ఏడ్వనీకి?" అని రిక్షా ఎక్కింది. నీ మేడ మీద పిడుగు పడా అని లోపల్లోపల తిట్టుకున్నాను. మా పాట సభలో విన్నప్పుడు కూడా అంతే, ముందు వరసలో కూర్చుని రెప్ప వేయకుండా చూసింది తప్ప కన్ను తడి చేయలేదు. ఇక ఈమె మీద ఆశ లేదని నా పెట్టెకు తాళంచెవి వెతుక్కోవడం మొదలుపెట్టాను.

ఇరవై రోజులు గడిచాయి. ఒక ఆదివారం పగటిపూట ఆమే మా ఇంటి ముందు రిక్షా దిగింది. అవ్వ కంగారులో చెప్పులు గుమ్మంలోనే విడిచిపెట్టి, పీట కోసం పెరట్లోకి పరుగెత్తింది.

"నన్ను గూడ చేర్చుకుంటరా?" అంది దొరల బిడ్డ. "చేర్చుకుంటె ఇయ్యాల్నే జేర్చుకోండ్రి."

"గింత తొందరేందక్కా?"

"గదంత అడగకు. ఆ దినం సభల పాడిన్రు చూడు, గదే పాట పాడాలె. వేరేది వద్దు."

"మా దగ్గర వేరేది లేదు" అన్నాను. ఆమె నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు. ఎంతైనా నా మాట నేర్పు అలాంటిది, మేడలు కూడా దిగొస్తాయి అనుకుని మురిసిపోయాను. కురవి పిల్లతో సహా తొమ్మిదిమందిమీ ఆదివారం ఏడుపుకని అప్పటికే అక్కడే ఉన్నాం. ఓణీ ఆమె తల మీద కప్పాను. గొంతు ఎత్తాను.

కందులు సరిగ్గా ఆ ముందురోజు పొద్దుగూకాక అమ్ముడుపోయాయని నాకేం తెలుసు? బాపు అప్పుడే రైలు దిగి, దారి అడుక్కుంటూ మా వీధి మలుపు తిరిగాడు. ఇంట్లోంచి కూతురి గొంతు వినబడింది. "నేను పోతున్నా, నా బాపు ఎడ్లు చల్లగుండాలె..." అంతే, దబ్బుమని తలుపు తెరుచుకుంది. చేతిలో కర్ర, కళ్ళు నిప్పులు.

"యాడున్నడు వాడు?"

పాట మధ్యలో ఆపేశాం. "ఎవరు బాపూ?"

"నాకు చెప్పకుంట లగ్గం జేస్కుంటవా? యాడున్నడు?" మంచం కింద కర్ర పెట్టి పొడిచాడు. తలుపు వెనక చూశాడు. గోనెసంచి దులిపాడు. అందులోంచి నాలుగు ఉల్లిగడ్డలు పడ్డాయి. చివరికి గుమ్మం దగ్గర అవ్వ చెప్పులు కంటబడ్డాయి. ఇంతంత మగ చెప్పులు. "దొరికిండు! గీ చెప్పులెవనియి?" అని తెలుగులో ఉరిమాడు.

అవ్వ పెరట్లోంచి పీటతో వస్తూ, "నా మొగనియి" అంది.

"పిలువు బైటికి!"

"నేను పిలిస్తె వస్తడా? పోయి పన్నెండేండ్లాయె. నువ్వే పోయి తోల్కరా, నాక్కూడ జర పనున్నది."

బాపు కర్ర దించాడు. నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పాను. పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు, కొత్త పిల్ల చేరింది, మన ఆచారం ప్రకారం కలిసినప్పటి ఏడుపు ఏడుస్తున్నాం అన్నాను. బాపు నావైపు వింతగా చూసి, అందరికీ వినబడేలా తెలుగులోనే అన్నాడు.

"కలిసినప్పుడు ఏడ్సేది వేరే ఉంటది. గిది పెండ్లిపిల్ల అత్తగారింటికి పొయ్యేటప్పుడు తల్లిగారి తండాను ఇడుస్త ఏడ్సేది. మీ అక్కకు పెండ్లికని నేర్పిన్రు గద, పిచ్చిదానా!"

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేరిన ప్రతి పిల్లనూ నీళ్ళు కూడా ఇవ్వకుండా అత్తారింటికి సాగనంపుతున్నాను అన్నమాట! "అయితే నాకు ఇప్పటికి ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయండీ?" అంది రైల్వే పిల్ల. అవ్వ పీట మీద కూలబడి దగ్గు వచ్చేదాకా నవ్వింది. బాపు మీసాలు కూడా అదిరాయి. తప్పని తెలిశాక కూడా ఆ పాట మేము మార్చలేదు. జనగామలోనూ భూపాలపల్లిలోనూ కొత్త పిల్లను అదే తప్పు పాటతో చేర్చుకునేవాళ్ళు. ఆ గదిలో ఆ రోజు నవ్వనిది ఒక్కతే, ఆమెను నేను చూసుకోలేదు.

"సరే, నిలబడుండ్రి" అన్నాడు బాపు. వేళ్ళ కణుపులు పట్టుకుని లెక్క మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి ముందూ ఆగి, ఊరేదని అడిగి, కణుపు మీద కణుపు జరిపాడు. తొమ్మిది దాకా వచ్చింది. పదో పిల్ల గోడ పక్కన ఇంకా నా ఓణీ ముసుగులోనే ఉంది.

"ముసుగు దియ్యి బిడ్డా."

తీసింది. బాపు చెయ్యి ఠక్కున తల మీదికి పోయి రుమాలు కిందికి వచ్చింది. "దొరసానీ! మీరీడ..." అని రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత నావైపు తిరిగి మా బాసలో అన్నాడు. "ఈమెను నేను ఏలువెట్టి లెక్కవెడ్తనా? తొమ్మిదే." ఆయన కళ్ళు అటక మీది నా పెట్టె వైపు పోయాయి.

మా బాస ఆమెకు ఎంత అర్థమైందో గానీ ముందుకు వచ్చింది. "బాపూ," అంది. నేను పిలిచినట్టే పిలిచింది. "నన్ను గూడ లెక్కవెట్టు. నేను మీ బిడ్డ మందల చేరిన."

"ఎన్ని దినాలుంటరు దొరసానీ?"

ఆమె తల దించుకుంది. "ఇయ్యాల ఒక్క దినమే. పై నెల నా లగ్గం, జనగామ దిక్కు. రేపటి సంది కాలేజి బందు." తర్వాత మావైపు చూసింది. "గిది పెండ్లిపిల్ల పాటని నాకు ముందుగాలనే దెల్సు. మా పొలంల నాట్లకొచ్చె తండా ఆడోల్లు పాడంగ ఇన్న. మా ఇంట్ల ఏడిస్తె నలుగురు ఏమనుకుంటరంటరు. చదువుకుంటనంటె గూడ గదే మాట. అందుకే ఈడికచ్చిన."

నేను ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే జరిగింది. ఆ క్షణంలో నాకు ఆమె మీద జాలి కలగలేదు. రేపటినుంచి తొమ్మిదే, కాలేజీలో ఇంకో ఆడపిల్ల లేదు, నా పని అయిపోయింది, అనే అనుకున్నాను. నేనూ నా పెట్టె వైపే చూశాను.

బాపు రుమాలును ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత ఆమె మొహం వైపు చూడకుండానే, ఆగిపోయిన కణుపు మీదినుంచి బొటనవేలు ముందుకు జరిపాడు.

"పది" అన్నాడు.

"రేపు నేనుండ బాపూ" అంది ఆమె.

"నేను లెక్కవెట్ట వచ్చింది ఇయ్యాల. రేపు నాకు అమ్మనీకి కందుల్లేవు, మానుకోటల పని లేదు." అని నావైపు తిరిగి, "ఉండు. మంచిగ సదువుకో" అన్నాడు.

నేను కేక పెట్టి చెల్లె మీదికి దూకాను. అందరం ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరిగాం. నాకు ఒళ్ళు తెలియలేదు. తిరిగి తిరిగి ఆగేసరికి ఆమె ఓణీని నాలుగు మడతలు పెట్టి మంచం మీద ఉంచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది. రిక్షా వచ్చి నిలబడి ఉంది.

"నా తావు ఖాళీ ఉంచకుండ్రి" అంది నాతో. "పై ఏడు కొత్త పిల్లలొస్తరు, జల్ది ఎవల్నన్న తెచ్చుకోండ్రి." రిక్షా కదిలింది. బాపు రుమాలు చేతిలోనే పట్టుకుని వీధిలో నిలబడ్డాడు.

మా తండాలో పెళ్ళిపిల్ల పోయేటప్పుడు తోటి ఆడపిల్లలు ఆమె మెడ పట్టుకుని వేలాడతారు. పెద్దవాళ్ళు వచ్చి చేతులు విడదీసేదాకా వదలరు. వదిలితే తప్పు. మేము తొమ్మిదిమందిమి అన్ని నెలలు ఆ పాట పాడి, పోయే పిల్ల నిజంగా పోతుంటే ఒక్కరం కూడా మెడ పట్టుకోలేదు. అది తట్టగానే చెప్పుల్లేకుండా పరుగెత్తాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి రిక్షా రైలు గేటు దాటిపోయింది. ఆమె ఇచ్చిన ఒక్క రోజుతో నా చదువు నిలబడింది, ఆమె చదువు ఆ గేటు అవతలికి పోయింది. నా నోటికి రాగమూ రాలేదు, పల్లవీ రాలేదు. నడిబజారులో నిలబడి పాట లేకుండా, వెక్కి వెక్కి ఏడ్చాను.